‘నాదేం పోతుందిలే’ అనుకున్న రోజు

2019 ఆగస్టు. బీటెక్ అయి మూడు నెలలైంది. అమీర్‌పేటలో కోర్సు, ఎస్సార్ నగర్‌లో హాస్టల్, గదికి నలుగురం. పొద్దున క్లాసు, మధ్యాహ్నం నుంచి ఆన్‌లైన్‌లో అప్లికేషన్లు, రాత్రికి ఇంటి నుంచి ఫోన్. నాన్న ‘ఏమన్నా వచ్చిందా?’ అని అడగడం మానేసి, ‘తిన్నావా?’ అని మాత్రమే అడగడం మొదలుపెట్టిన రోజులవి. ఆ తేడా ఏంటో ఉద్యోగం కోసం తిరుగుతున్న మీకు నేను చెప్పక్కర్లేదు.

మా హాస్టల్లోనే కింది ఫ్లోర్‌లో ఒకతను ఉండేవాడు. మాకంటే నాలుగేళ్లు పెద్ద, ‘అన్నా’ అని పిలిచేవాళ్లం. ఒక ఆదివారం మా గదికి వచ్చి టీ తాగుతూ విషయం చెప్పాడు. వాడకుండా పడున్న సేవింగ్స్ అకౌంట్ ఉంటే ఏటీఎం కార్డు, చెక్‌బుక్, ఆ అకౌంట్‌కి లింకైన సిమ్ ఇస్తే చాలు. ఐదు వేలు చేతిలో పెడతారు. ఎవరో ఆన్‌లైన్ గేమింగ్ కంపెనీవాళ్లకి ‘పేమెంట్స్ తిప్పడానికి’ కావాలట.

అతను వెళ్లాక గదిలో నడిచిన మాటలు నాకు ఇంకా గుర్తే.

‘తప్పు కాదేంట్రా ఇది?’

‘తప్పేముంది మామా? డబ్బు మనం తీస్తున్నామా? అకౌంట్ ఇస్తున్నాం, అంతే.’

‘బ్యాంకులకి వేల కోట్లు ఎగ్గొట్టినోళ్లని ఎవడడుగుతున్నాడు? మన ఐదు వేలే కనపడ్డాయా?’

‘ఈ నెల హాస్టల్ ఫీజుకి ఇంట్లో అడగక్కర్లేదు రా.’

నేను ఇవ్వలేదు. నిజాయతీపరుణ్ని కాబట్టే ఇవ్వలేదని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నా. అసలు సంగతి వేరు. నా అకౌంట్ మా ఊరి బ్రాంచిలో ఉంది. కేవైసీ అప్‌డేట్ కాక ఆగిపోయింది. ఊరెళ్లి సరిచేయించుకుని రావాలంటే బస్సు ఛార్జీలే పన్నెండొందలు. లెక్క చూసుకుని ఊరుకున్నా. నన్ను ఆపింది నీతి కాదు, కేవైసీ.

మా రూమ్మేట్ ఇచ్చాడు. ఐదో నెలలో వేరే రాష్ట్రం నుంచి పోలీసులు హాస్టల్‌కి వచ్చారు. ఎవరో రిటైర్డ్ ఉద్యోగి పోగొట్టుకున్న డబ్బు వాడి అకౌంట్ మీదుగా వెళ్లింది. భాష రాని ఊళ్లో 19 రోజులు జైల్లో ఉండి బెయిల్ మీద వచ్చాడు. కేసు ఇంకా నడుస్తూనే ఉంది. ఇదంతా వాడి అనుమతితోనే రాస్తున్నా, పేరు మాత్రం వద్దన్నాడు.

నేను రాసేది ఫోన్లు, యాప్‌లు, ప్రోగ్రామింగ్ గురించి. నేరం, మనస్తత్వం నా సబ్జెక్టు కాదు. కానీ గదిలో నలుగురం ఒకే రకం ఇళ్ల నుంచి వచ్చాం, ఒకే రకం చదువు, ఒకే ఆకలి. ఒకడు జైలుకెళ్లాడు, ముగ్గురం వెళ్లలేదు. ఎందుకు? ఈ ప్రశ్న వదలక రెండేళ్లుగా దొరికింది చదువుతున్నా. అందులో ఉద్యోగం వెతుక్కునేవాళ్లకి పనికొచ్చేది చాలానే ఉంది.

తప్పు కంటే ముందు మాట పుడుతుంది

సినిమాల్లో నేరస్థుడు కళ్లతోనే తెలిసిపోతాడు. పరిశోధన చేసినవాళ్లకి మాత్రం అలా తెలియలేదు. డొనాల్డ్ క్రెసీ అనే అమెరికన్ పరిశోధకుడు జైళ్లకి వెళ్లి, నమ్మకంగా అప్పగించిన డబ్బు కాజేసి పట్టుబడినవాళ్లతో గంటలకొద్దీ మాట్లాడాడు. గుమాస్తాలు, అకౌంటెంట్లు, బ్యాంకు ఉద్యోగులు... చాలామంది అంతకుముందు ఏ మచ్చా లేనివాళ్లే. ఆయన పుస్తకం 1953లో వచ్చింది. అందులో మూడు సంగతులు తేలాయి. ఎవరికీ చెప్పుకోలేని డబ్బు కష్టం. గుట్టుగా తీర్చుకోగల అవకాశం. మూడోది అసలైనది. ‘నేను దొంగను కాను’ అని తనకు తాను చెప్పుకునే ఒక మాట. ‘అప్పుగా తీసుకుంటున్నా, మళ్లీ పెట్టేస్తా’ లాంటిది.

క్రెసీ గట్టిగా చెప్పిందేంటంటే, ఆ మాట దొరికిపోయాక అల్లిన సాకు కాదు. తప్పు చేయకముందే పుడుతుంది. అది కుదిరితేనే చెయ్యి కదులుతుంది. ఆడిటింగ్ చదివినవాళ్లకి ఇది ‘ఫ్రాడ్ ట్రయాంగిల్’గా పరిచయమే. ఆ పేరు తర్వాతి వాళ్లు పెట్టారు.

చెప్పుకోలేని కష్టం అన్న మాట దగ్గర నేను ఆగిపోయా. మా గదిలో కష్టం ఐదు వేలది కాదు. ఇంట్లో అడగలేకపోవడం. అడిగితే ఏదో ఒకటి చేసి పంపేవారే.

నాలుగేళ్ల తర్వాత 1957లో గ్రెషమ్ సైక్స్, డేవిడ్ మాట్జా అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు ఈ మాటల్ని ఐదు రకాలుగా విడదీశారు. తప్పుదారి పట్టిన కుర్రాళ్లకి నీతి తెలియకపోవడం కాదు, తెలిసిన నీతిని కాసేపు పక్కన పెట్టడానికి వాడే పద్ధతులివి అన్నారు. ‘నా చేతుల్లో లేదు, పరిస్థితి అలాంటిది.’ ‘ఎవరికీ నష్టం లేదు.’ ‘వాడికి అలాగే కావాలి.’ ‘నన్ననేవాళ్లు శుద్ధపూసలా?’ ‘నా వాళ్ల కోసమే చేశా.’

ఇప్పుడు మా గది మాటలు ఇంకోసారి చదవండి. ‘డబ్బు మనం తీస్తున్నామా’, ‘ఎగ్గొట్టినోళ్లని ఎవడడుగుతున్నాడు’, ‘ఇంట్లో అడగక్కర్లేదు’. ఐదింట్లో మూడు, ఒక టీ చల్లారేలోపు. 1957లో అమెరికాలో రాసిన కాగితం 2019లో ఎస్సార్ నగర్ హాస్టల్ గదికి ఇంత కచ్చితంగా సరిపోవడం చూసి నాకైతే కాస్త సిగ్గేసింది. మనం అంత ప్రత్యేకమైనవాళ్లమేం కాదన్నమాట.

ఆల్బర్ట్ బండూరా అనే సైకాలజిస్టు దీనికి ఇంకో సంగతి జోడించాడు. పనికి మెత్తటి పేరు పెడితే మనసు అడ్డుచెప్పదని. 2020 డిసెంబరు గుర్తుందా? ఇన్‌స్టంట్ లోన్ యాప్‌ల వేధింపులకి మనవాళ్లు ప్రాణాలు తీసుకున్నాక హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. అక్కడ ఫోన్లు చేస్తున్నవాళ్లు రౌడీలు కారు. మీలాంటి, నాలాంటి కుర్రాళ్లు, అమ్మాయిలు. వాళ్ల దృష్టిలో అది ‘రికవరీ’, ‘కలెక్షన్స్’. టార్గెట్ ఉంది, టీమ్ లీడర్ ఉన్నాడు, నెల తిరిగితే జీతం ఉంది. అప్పు తీసుకున్నవాడి కాంటాక్ట్ లిస్టులో ఉన్న మేనమామకి ఫోన్ చేసి బూతులు తిట్టడం ఉద్యోగంలో ఒక భాగం అయిపోయింది. 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారంలో మనవాళ్లని పంపింది ‘డేటా ఎంట్రీ’ అనే పేరుతో. అక్కడికెళ్లాక పాస్‌పోర్టులు లాక్కుని ఆన్‌లైన్ మోసాలు చేయించారు. వాళ్లు బాధితులు, మా రూమ్మేట్‌తో వాళ్లని కలపను. కానీ గాలం మాత్రం అదే. పని అసలు పేరు చెప్పకుండా ఇంకో పేరు చెప్పడం.

అందుకే ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు ‘డిజిగ్నేషన్ ఏంటి’ అనే దానికంటే ‘పొద్దున తొమ్మిదింటికి వచ్చి కూర్చున్నాక నేను కచ్చితంగా ఏం చెయ్యాలి’ అని అడగడం మంచిది. జవాబు మెత్తగా, గుండ్రంగా వస్తే అనుమానించండి.

వయసు మాటా ఒకటుంది. టెర్రీ మోఫిట్ 1993లో రాసిన పేపర్ ఈ రంగంలో చాలా పేరున్నది. తప్పులు చేసే కుర్రాళ్లలో ఎక్కువమంది ఆ ప్రాయంలో మొదలెట్టి ఆ ప్రాయంతోనే మానేస్తారని, చిన్నప్పటి నుంచి జీవితాంతం కొనసాగేవాళ్లు కొద్దిమందేనని ఆమె వాదన. ఉద్యోగం, పెళ్లి, బాధ్యత వచ్చాక చాలామంది వాటంతటవే ఆగిపోతారు. చిక్కేంటంటే, ఆ ప్రాయంలో పడిన కేసు మాత్రం ప్రాయంతో పాటు పోదు.

భయపెడితే మారతారా?

మనలో చాలామందికి సహజంగా తోచే జవాబు ఇది. ‘నాలుగు తగిలిస్తే దారికొస్తాడు.’ నేనూ అలాగే అనుకునేవాణ్ని.

అమెరికాలో న్యూజెర్సీలోని రావే జైల్లో ఇది నిజంగానే చేసి చూశారు. దారితప్పుతున్న కుర్రాళ్లని తీసుకొచ్చి, యావజ్జీవ ఖైదీల ముందు నిలబెట్టి, వాళ్లతో అరిపించి బెదరగొట్టించేవారు. దీని మీద 1978లో ‘స్కేర్డ్ స్ట్రెయిట్’ అనే డాక్యుమెంటరీ వచ్చింది, ఆస్కార్ కూడా కొట్టింది. చూస్తే ఎవరికైనా ‘భలే ఉందే’ అనిపిస్తుంది. తర్వాత పద్ధతి ప్రకారం లెక్క తీశారు. లాటరీ వేసినట్టు కొందరిని పంపి, కొందరిని పంపకుండా, ఇద్దరినీ పోల్చి చూశారు. ఇలాంటి పలు ప్రయోగాలు కలిపి చూస్తే, జైలు చూసి భయపడి వచ్చినవాళ్లే తర్వాత ఎక్కువ తప్పులు చేశారు. ఏమీ చేయకుండా వదిలేసినవాళ్లు వాళ్లకంటే నయం.

ఎందుకలా అని మా రూమ్మేట్‌ని అడిగితే ఆలోచించకుండా చెప్పాడు. ‘మామా, బయట ఏడాది తిరిగితే నాకు ఒక్క ఆఫర్ రాలేదు. లోపల 19 రోజుల్లో రెండొచ్చాయి.’ పక్కన పడుకునే ఒకతను ఇలాంటి అకౌంట్లు వంద నడిపేవాడట. ‘నువ్వు ఇంజినీరువి, ఇంగ్లీషొచ్చు, ఐదు వేలకి అకౌంట్ అమ్ముకోవడమేంటి, నాతో రా’ అన్నాడట. ఆ రోజు ఆ మాటకి కాస్త గర్వంగా అనిపించిందని కూడా వాడే ఒప్పుకున్నాడు. ఏడాదిగా వాడి చదువుకి విలువ ఇచ్చిన మొదటి మనిషి అతనే మరి.

పరిశోధనలో దీనికి చక్కటి లెక్క ఉంది. కెనడాకి చెందిన డాన్ ఆండ్రూస్, జేమ్స్ బోంటా వాళ్లు 1990లో చెప్పిన సూత్రాల్లో మొదటిది ఇదే. మళ్లీ తప్పు చేసే ప్రమాదం ఎక్కువ ఉన్నవాళ్ల మీద గట్టిగా పనిచెయ్యండి. తక్కువ ఉన్నవాళ్లని వాళ్లతో కలపకండి, కలిపితే చెడగొట్టినవారవుతారు. రెండోది, నేరానికి దారితీసే వాటినే పట్టుకోండి. ఆలోచనా తీరు, స్నేహాలు, మత్తు, పనీపాటా లేకపోవడం. మూడోది, మనిషికి ఎక్కే పద్ధతిలో చెప్పండి, ఉపన్యాసాలు వద్దు.

వాళ్లకి ముందు అంతా చీకటే. 1974లో రాబర్ట్ మార్టిన్సన్ అనే ఆయన 231 అధ్యయనాలు తిరగేసి, ఖైదీల్ని మార్చే కార్యక్రమాలు దాదాపు ఏవీ పనిచేయడం లేదన్నట్టు రాశాడు. ‘ఏదీ పనిచేయదు’ అనే మాట దావానలంలా పాకింది. రాజకీయ నాయకులకి కావలసింది అదే. 1979లో ఆయనే మళ్లీ లెక్క చూసి, కొన్ని పనిచేస్తున్నాయి, నేను తొందరపడ్డాను అని రాశాడు. ఆ దిద్దుబాటుని పట్టించుకున్నవాళ్లు తక్కువ. (ఫేక్ న్యూస్‌కి వచ్చినన్ని షేర్లు సవరణకి రావన్నది వాట్సాప్‌తో మొదలవలేదు.)

ఇప్పుడు పనిచేస్తుందని ఎక్కువ ఆధారాలున్నది ఆలోచన మీద పనిచేసే శిక్షణకే. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అదే సీబీటీ అంటారు. ప్రోగ్రామర్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే బ్రేక్‌పాయింట్ పెట్టి కోడ్‌ని లైను లైనుగా నడపడం లాంటిది. ‘అతను నన్ను చూసి నవ్వాడు’, ‘నన్ను అవమానించాడు’, ‘ఊరుకుంటే చేతగానివాణ్నవుతా’, ‘కొట్టా’. నాలుగో లైనులో ఏం చెయ్యాలో చెప్పడం కాదు, రెండో లైను దగ్గర ఆపి ‘ఇది నిజమేనా?’ అని అడిగించడం. మళ్లీ మళ్లీ, అలవాటయ్యేదాకా.

మన దగ్గరా ఇలాంటిది జరిగింది. తెలంగాణ జైళ్లలో ‘ఉన్నతి’ పేరుతో ఖైదీలకి శిక్షణ నడిపారు. దీన్ని రూపొందించింది ఉస్మానియా యూనివర్సిటీలో సైకాలజీ బోధించిన ప్రొఫెసర్ బీనా చింతలపురి. చంచల్‌గూడ వైపు వెళ్లినప్పుడు జైళ్ల శాఖ పెట్రోల్ బంకు చూసే ఉంటారు. అక్కడ పెట్రోల్ కొట్టి చిల్లర లెక్కపెట్టి ఇచ్చే చేతులు ఖైదీలవి. డబ్బు కాజేశాడని లోపలికి పంపిన సమాజం, గేటు బయట అదే మనిషి చేతికి డబ్బిచ్చి చిల్లర తీసుకుంటోంది. నేను ఎన్నోసార్లు అక్కడ బండికి పెట్రోల్ కొట్టించుకుని కూడా ఈ సంగతి గమనించలేదు.

ఒక్క గడి

బయటికొచ్చాక అసలు పరీక్ష. ఇదీ మన పేజీకి నేరుగా సంబంధించినది.

డెవా పేజర్ అనే పరిశోధకురాలు అమెరికాలోని మిల్వాకీ నగరంలో ఒక ప్రయోగం చేసి 2003లో ప్రచురించింది. కుర్రాళ్లని జతలుగా ఉద్యోగాలకి పంపింది. చదువు, అనుభవం, మాటతీరు అన్నీ ఒకటే. ఒకరి దరఖాస్తులో మాత్రం డ్రగ్స్ కేసులో జైలుకెళ్లొచ్చినట్టు ఉంటుంది. ఎవరికి ఆ కేసు అనేది మార్చుతూ ఉంటారు. తెల్లవాళ్లలో కేసు లేనివాళ్లకి 34 శాతం కాల్‌బ్యాక్ వస్తే, ఉన్నవాళ్లకి 17 శాతం. నల్లవాళ్లలో లేనివాళ్లకి 14, ఉన్నవాళ్లకి 5. ఆ అంకెలు ఇంకోసారి చూడండి. ఏ కేసూ లేని నల్ల కుర్రాడి కంటే జైలుకెళ్లొచ్చిన తెల్ల కుర్రాడికే ఎక్కువ పిలుపులు. మన దగ్గర ఇంటిపేరు, ఊరి పేరు పెట్టి ఇలాంటి లెక్క తీస్తే ఏం వస్తుందో ఊహించుకోవడం కష్టమేమీ కాదు.

ఇక్కడ ఐటీ కంపెనీలో ఆఫర్ వచ్చాక బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఉంటుంది. మార్కుల లిస్టులు, పాత కంపెనీలతో పాటు కోర్టు రికార్డులు కూడా చూసే ఏజెన్సీలున్నాయి. కోర్టు కేసుల వివరాలు ఆన్‌లైన్‌లో పేరుతో వెతికితే దొరుకుతాయి. ఫారంలో ఒక గడి ఉంటుంది. ‘మీ మీద ఎప్పుడైనా క్రిమినల్ కేసు నమోదైందా? పెండింగ్‌లో ఉందా?’

ప్రభుత్వ ఉద్యోగాల విషయంలో సుప్రీంకోర్టు దీని మీద స్పష్టంగానే మాట్లాడింది. 2011లో సందీప్ కుమార్ కేసు. ఢిల్లీ పోలీసుశాఖలో హెడ్ కానిస్టేబుల్ పోస్టుకి దరఖాస్తు చేసిన కుర్రాడు, కొట్లాట కేసు ఒకటి రాజీతో కొట్టేసినా దాని సంగతి ఫారంలో రాయలేదు. కోర్టు అతని పక్షాన నిలిచింది. చిన్న వయసులో చేసిన చిన్న పొరపాట్లకి జీవితాంతం నేరస్థుడని ముద్ర వేయకూడదంటూ, విక్టర్ హ్యూగో నవలలో రొట్టె దొంగిలించిన జాన్ వాల్జాన్‌ని కూడా గుర్తు చేసింది. 2016లో అవతార్ సింగ్ కేసులో ముగ్గురు జడ్జీల బెంచ్ మొత్తం వ్యవహారాన్ని ఒక క్రమంలో పెట్టింది. అడిగినదానికి నిజం చెప్పాలి. ఫారంలో ప్రశ్న స్పష్టంగా ఉండాలి, స్పష్టంగా అడగనిదాన్ని దాచావనకూడదు. కుర్రతనంలో జరిగిన చిన్న విషయాన్ని దాచినా, క్షమించే అవకాశం యాజమాన్యానికి ఉంది. అలాగే నిజం చెప్పినా ఉద్యోగం ఇచ్చి తీరాలనేం లేదు, పూర్వాపరాలు చూసి నిర్ణయించొచ్చు.

చదివితే రెండువైపులా తలుపు సగం తెరిచినట్టే ఉంటుంది. కానీ ఒకటి ఖాయం. దాచి దొరికితే కేసు కంటే దాచడమే పెద్ద సమస్య అవుతుంది.

చాలామందికి తెలియని ఇంకో చట్టం, 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ యాక్ట్. 21 ఏళ్లలోపు వాళ్లు తప్పు చేసినట్టు తేలినా, యావజ్జీవ శిక్ష పడేంత నేరం కాకపోతే, ప్రత్యేక కారణాలు రాస్తే తప్ప జైలుకి పంపకూడదని సెక్షన్ 6. వయసుతో పని లేకుండా, మంచి నడవడికతో ఉంటానని బాండ్ రాయించుకుని వదిలే వీలు సెక్షన్ 4లో ఉంది. అలా వదిలినవాళ్లకి ఆ శిక్ష వల్ల చట్టపరంగా వచ్చే అనర్హత వర్తించదని సెక్షన్ 12. దాంతో ఉద్యోగం గ్యారంటీ అయిపోదు. కానీ అడిగితేనే కదా వచ్చేది. 67 ఏళ్లకి పైబడిన చట్టం. మా రూమ్మేట్ కేసులో మొదటి రెండేళ్లు ఈ పేరు ఎత్తినవాళ్లు లేరు.

మళ్లీ ఆ ‘మాట’ దగ్గరికే వస్తా. షాడ్ మరునా అనే పరిశోధకుడు ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో రెండు రకాల మనుషులతో మాట్లాడాడు. నేరాలు మానేసినవాళ్లు ఒక వర్గం, కొనసాగిస్తున్నవాళ్లు ఇంకో వర్గం. 2001లో పుస్తకంగా తెచ్చాడు. ఇద్దరి పేదరికం, బాల్యం, కష్టాలు ఇంచుమించు ఒకటే. తేడా వాళ్లు తమ గురించి చెప్పుకునే కథలో ఉంది. కొనసాగిస్తున్నవాళ్లు ‘నా రాత ఇంతే, రాసేశారు’ అంటున్నారు. మానేసినవాళ్లు ‘నేను లోపల మంచివాణ్నే, పరిస్థితి పక్కకి లాగింది, ఇప్పుడు ఇంకొకరికి పనికొస్తా’ అంటున్నారు. కాస్త అతిశయంగానే అంటున్నారు కూడా. చమత్కారం చూడండి. ‘పరిస్థితి అలాంటిది’ అన్న మాటే లోపలికి నెట్టింది, దాదాపు అదే మాట బయటికి లాగుతోంది. కానీ ఆ కథ నిలబడాలంటే ఇంకో మనిషి దాన్ని నమ్మాలి. ఆఫర్ లెటర్ కంటే గట్టిగా నమ్మానని చెప్పే కాగితం నాకు తెలిసి ఇంకోటి లేదు.

టెక్ ప్రపంచంలో ఇలా నమ్మినవాళ్లున్నారు. కాలిఫోర్నియాలోని శాన్ క్వెంటిన్ జైల్లో ‘ది లాస్ట్ మైల్’ అనే సంస్థ 2010లో మొదలై, 2014 నుంచి ఖైదీలకి కోడింగ్ నేర్పుతోంది. ఇంటర్నెట్ లేకుండా! స్టాక్ ఓవర్‌ఫ్లో చూడకుండా ఒక పూట పనిచేయలేని నాకు ఇది నేరం కంటే వింతగా తోచింది. ఆ సంస్థతో కలిసి స్లాక్ కంపెనీ 2018లో అప్రెంటిస్‌షిప్ పెట్టి, జైలు నుంచి వచ్చిన ముగ్గురిని తర్వాత ఇంజినీర్లుగా తీసుకుంది. ముగ్గురే. కానీ వాళ్ల పక్క సీట్లో కూర్చున్నవాళ్లకి ఆ ముగ్గురూ అంకె కాదు.

25 మంది

ఈ రంగంలో పని చేయాలని మీలో ఎవరికైనా అనిపిస్తే, ఒక లెక్క చెప్తా. 2022 చివరికి మన దేశ జైళ్లలో ఉన్నవాళ్లు 5.73 లక్షల మంది. వీళ్లలో సుమారు 76 శాతం విచారణ ఖైదీలు, అంటే తప్పు చేశారని ఇంకా తేలనివాళ్లు. 2016 మోడల్ ప్రిజన్ మాన్యువల్ ప్రకారం ప్రతి 500 మంది ఖైదీలకి ఒక సైకాలజిస్ట్ ఉండాలి. ఆ లెక్కన దాదాపు 1,150 మంది కావాలి. ఇండియా జస్టిస్ రిపోర్ట్ 2025 ప్రకారం దేశమంతా కలిపి ఉన్నది 25 మంది.

ఇది చూసి ‘1,125 ఖాళీలు’ అని సంబరపడకండి. అవసరం ఉండటం వేరు, నోటిఫికేషన్ రావడం వేరు. ఆ తేడా మనకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా దారులున్నాయి. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో క్రిమినాలజీ అండ్ జస్టిస్ చదవొచ్చు. ఆ సంస్థకే చెందిన ‘ప్రయాస్’ 1990 నుంచి జైళ్లలో, బయటికొచ్చినవాళ్లతో పనిచేస్తోంది. గాంధీనగర్ కేంద్రంగా ఉన్న నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీలో ఫోరెన్సిక్ సైకాలజీ కోర్సులున్నాయి. సైకాలజీలో పీజీ ఒక్కటే ఉంటే క్లినికల్ సైకాలజిస్టు అయిపోరు. రీహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన కోర్సు, రిజిస్ట్రేషన్ ఉండాలి. అడ్మిషన్‌కి ముందే ఇది చూసుకోండి, తర్వాత బాధపడినవాళ్లని చూశా. ఏ డిగ్రీ ఉన్నా రాయగలిగే డిప్యూటీ జైలర్ పోస్టులు తెలంగాణలో పోలీసు నియామక మండలి ఎస్సై నోటిఫికేషన్‌తో పాటు వచ్చాయి. ఎస్సై రాసేవాళ్లు చాలామంది దాన్ని చివరి ఆప్షన్‌గా పెడతారు. పైన చెప్పిందంతా చదివాక ఆ వరస మార్చాలనిపిస్తే మార్చండి.

ఇక మీ ఫోన్‌కి ‘అకౌంట్ రెంట్‌కి కావాలి’ అనే మెసేజ్ ఈపాటికి వచ్చే ఉంటుంది. ఇప్పుడు టెలిగ్రామ్‌లో వస్తోంది, రేటు కూడా పెరిగింది. వాళ్ల భాషలో అది ‘కార్పొరేట్ అకౌంట్’, ‘గేమింగ్ ఫండ్’. చట్టం భాషలో మీరు మోసంలో భాగస్వామి. భారతీయ న్యాయ సంహిత 318(4) కింద మోసానికి ఏడేళ్ల వరకు, ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ల వరకు జైలు. డబ్బు ఎవరు కొట్టేశారో వాళ్లకి దొరకరు. అకౌంట్ మీద పేరు, ఆధార్, ఇంటి అడ్రసు మీవే కాబట్టి మీరు దొరుకుతారు. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే ఈ రోజే బ్యాంకుకి వెళ్లి రాతపూర్వకంగా చెప్పి అకౌంట్ ఆపించండి, 1930కి ఫోన్ చేయండి, ఒక లాయర్‌ని కలవండి. ఇంట్లో కూడా చెప్పండి. చెప్పుకోలేకపోవడం దగ్గరే ఇదంతా మొదలైందని మళ్లీ గుర్తు చేయక్కర్లేదనుకుంటా.

మా రూమ్మేట్ జైలు నుంచి వచ్చాక రెండేళ్లు ఫుడ్ డెలివరీ చేశాడు. రాత్రిళ్లు టెస్టింగ్ నేర్చుకున్నాడు. ఊళ్లో తెలిసినవాళ్ల చిన్న కంపెనీలో మూడేళ్లు పనిచేశాడు, అక్కడ ఫారాలూ లేవు, గడులూ లేవు. పోయిన నెల ఒక పెద్ద కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది. ఆ రాత్రి పదకొండింటికి ఫోన్. ‘మామా, ఇక్కడ ఒక కాలమ్ ఉంది. ఏం రాయమంటావ్?’

గంటసేపు మాట్లాడుకున్నాం. ‘లేదు’ అని రాసేస్తే ఎవడు చూస్తాడు అని వాడే అన్నాడు. కాసేపాగి, ‘ఇది కూడా ఆ ఐదింట్లో ఏదో ఒకటే కదా’ అని వాడే నవ్వాడు. (ఈ వ్యాసం కోసం చదివినవన్నీ ముందు వాడికే చెప్పి బుర్ర తింటున్నా మరి.) చివరికి ‘ఉంది’ అని టిక్ పెట్టాడు. కేసు నంబరు, బెయిల్ కాగితం, ఏం జరిగిందో పది లైన్లు జత చేశాడు. ఆ పది లైన్లని నాలుగుసార్లు తిరగరాశాం. మొదటి మూడింట్లో ‘పరిస్థితుల ప్రభావం వల్ల’ అని ఉంది. నాలుగోసారి వాడే కొట్టేసి, ‘డబ్బు కోసం ఇచ్చాను’ అని రాశాడు.

రెండు వారాలైంది. రోజూ పొద్దున్నే పోర్టల్ తెరిచి స్క్రీన్‌షాట్ పంపుతాడు. ఈ రోజూ పంపాడు. ‘వెరిఫికేషన్ ఇన్ ప్రోగ్రెస్’ అనే ఉంది.